నిశ్చయమేనా? — యంత్రము మనుష్యుని అడుగదగిన వేళ



పల్లెలలో ఈనాడు కాగితముతోనే ముగియు పని యొక్కటియు లేదు. జనన మరణములు, భూమి ఖాతాలు, పింఛనులు, బియ్యపు కార్డులు, పంట వివరములు, సమస్తమును కంప్యూటరులోనికి ఎక్కవలసినదే. ఎక్కించువాడు కేంద్రములో కూర్చున్న యొక పిల్లవాడు. ఎక్కించుకొనునది యొక యంత్రము. ఆ యంత్రము నడుమ నడుమ పని యాపి, "నిశ్చయమేనా?" అని యడుగుచుండును. అవునని యొక మీట, కాదని యొక మీట తెరపై కనబడును. అవునన్నచో పని సాగును. ఈ చిన్న ప్రశ్నను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. చూచుటకు చిన్నదే గాని, దానివలన మా గ్రామమున నొక మనుష్యురాలు బ్రతికియుండగానే చచ్చినవారి లెక్కలో జమ యైనది. ఆ కథతోనే ఆరంభించెదను.

మా వీథిలో నాకు వరుసకు పిన్ని యగు నొక వృద్ధురాలు కలదు. డెబ్బది యేండ్లు దాటినవి. రెండేండ్ల క్రిందట ఆమె భర్త కాలము చేసెను. కర్మకాండ ముగిసిన పిమ్మట ఆమె కేంద్రమునకు పోయి, ఆయన పేరు కార్డునుండి తీసివేయవలసినదని అర్జీ పెట్టుకొన్నది. మఱుసటి నెల బియ్యము రాలేదు. వితంతువుల పింఛనుకై అర్జీ పెట్టగా, మరణించినవారికి పింఛను లేదని బదులు వచ్చినది. జరిగిన దేమనగా, కార్డులో భార్యాభర్తల పేర్లు ఒకదానిక్రింద నొకటి యున్నవి. పిల్లవాని వ్రేలు ఒక వరుస తప్పినది. అంతే. ప్రభుత్వపు లెక్కలో భర్త జీవించియే యున్నాడు, భార్య గతించినది.

ఆమె మా యింటి అరుగుమీద కూర్చుండి, "నాయనా, నేను బతికే ఉన్నానని నువ్వొక కాగితం రాసిపెట్టు. బడిపంతులు మాటంటే వింటారేమో" అన్నది. ఆ కాగితము వ్రాయుటకు నా చేయి యాడలేదు.

నేను కేంద్రమునకు పోతిని. ఏ కేంద్రమో చెప్పను. ఆ పిల్లవాడు నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడే, సోమరి కాడు. "ఒరే, పేరు కొట్టివేయుటకు ముందు అది నిన్ను అడుగలేదా?" అంటిని. వాడు తల వంచుకొని, "అడిగిందండి. కాని అది అన్నిటికీ అడుగుతుందండి" అన్నాడు.

ఆ మాటలో సంగతి యంతయు నున్నది. నమ్మకము చాలక నేను ఆ పూట వాని ప్రక్కనే పీట వేసికొని కూర్చుంటిని. ఒక్క అర్జీకి ఆ యంత్రము తొమ్మిది మాఱులు అడిగినది. పుట మార్చుటకు నిశ్చయమేనా? దాచుటకు నిశ్చయమేనా? ముద్రించుటకు నిశ్చయమేనా? తుదకు పని మూసివేయుటకును నిశ్చయమేనా? దినమునకు ఎనుబది అర్జీలు వచ్చు చోట ఏడువందల యిరువది "అవును"లు. వాని వ్రేలు ఆ మీటమీదనే కాపుర ముండును. కన్ను అప్పటికే తరువాతి కాగితముమీదికి పోవును. తొమ్మిదింటిలో ఎనిమిది ప్రశ్నలు ఊరక వచ్చినవి. తొమ్మిదవది ఒక మనిషి పేరు కొట్టివేయు ప్రశ్న. ఆ యెనిమిదింటి వేషమే వేసికొని అదియు వచ్చినది. వాడు దాని నెట్లు గుర్తించును?

ఉపాధ్యాయులైనవారికి ఈ సంగతి క్రొత్త గాదు. పాఠము చెప్పి, "నాయనలారా, అర్థమైనదా?" అని యడిగిన, నలువది కంఠములు ఒక్కపెట్టున "అయిందండీ!" అనును. నేను ఉద్యోగమున చేరిన మొదటి యేడు ఆ కేక విని మురిసినవాడను. పరీక్ష కాగితములు దిద్దునప్పుడు గాని నా వెఱ్ఱి నాకు తెలియలేదు. ఆ పిల్లలు అబద్ధ మాడలేదు. వారు నా ప్రశ్నను విననే లేదు. పాఠము చివర పంతులు ఒక కూత కూయును, మేము నొక కూత కూయవలెను, అని మాత్రమే యెఱుగుదురు. ఆ పిమ్మట నేను "అర్థమైనదా" అని యడుగుట మాని, "ఒరే, నీవు లేచి నేను చెప్పినది చెప్పు" అనుట యలవాటు చేసికొంటిని.

అమెరికాలో జెఫ్ రాస్కిన్ అను నాతడు 1979లో ఆపిల్ సంస్థయందు మాకింతోషు కంప్యూటరు నిర్మాణమునకు మొదలు పెట్టినవాడు. ఆయన 2000లో వెలువరించిన గ్రంథమున ఈ విషయమునే శాస్త్రరీతిగ చర్చించెను. మాటిమాటికి ఒకే ప్రశ్నకు ఒకే బదులు చెప్పువానికి ఆ బదులు ఆలోచనలోనుండి తొలగి యలవాటులోనికి జాఱును. అప్పుడు ప్రశ్నయు బదులును ఆ పనిలోనే భాగమై పోవును గాని, పనిమీద కాపలాగా నిలువవు. ఇది ఆయన వాదము.

కొందఱు పెద్దలు, "ఎక్కువగా అడిగిన నష్టమేమి? జాగ్రత్త మంచిదే గదా" అందురు. జపానులో జరిగినది వినుడు. 2005 డిసెంబరు 8వ తేదీన టోక్యో వాటాల బజారులో జేకామ్ అను సంస్థ వాటాలు మొదటిసారి అమ్మకమునకు వచ్చినవి. మిజుహో సెక్యూరిటీస్ అను దళారీ సంస్థకు ఒక ఖాతాదారు ఒక్క వాటాను ఆఱు లక్షల పదివేల యెన్నులకు అమ్మవలసినదని చెప్పెను. ఎన్ను జపానువారి నాణెము. అక్కడి గుమాస్తా రెండు గడులలోని అంకెలను తారుమారు చేసి, ఆఱు లక్షల పదివేల వాటాలను ఒక్కొక్కటి ఒక్క యెన్నునకు అమ్మునట్లు ఎక్కించెను. ఆ సంస్థకు ఉన్న వాటాలన్నియు కలిపినను 14,500 మాత్రమే! లేని సొత్తును, ఉన్నదానికి నలువది రెట్లకు మించి, కాసునకు అమ్మజూపినట్లైనది.

యంత్రము ఊరకుండలేదు. ఈ ధర హద్దు దాటినదని తెరపై హెచ్చరించినది. కాని అట్టి హెచ్చరికలు తఱచుగా వచ్చుచుండుటచేత గుమాస్తా దానిని దాటి పోయెను. తప్పు తెలిసి రద్దు చేయబోగా, బజారువారి కంప్యూటరులోని వేఱొక లోపమువలన రద్దు కాలేదు. నష్టము నాలుగు వేల కోట్ల యెన్నుల పైమాట. బజారు అధ్యక్షుడు పదవి వదలుకొనెను. రద్దు చేయలేని లోపమునకుగాను బజారువారు మిజుహోకు సుమారు 1,070 కోట్ల యెన్నులు చెల్లింపవలసినదని 2009లో టోక్యో న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇక్కడ ప్రశ్న లేకపోలేదు. అతిగా పలికి పలికి దాని విలువ చచ్చినది. పులి వచ్చెనని అబద్ధముగ నఱచిన గొల్లపిల్లవాని కథ మన పిల్లలందఱకు తెలిసినదే.

ఇంతకును ఎప్పుడు అడుగవలెను? అడుగనక్కఱలేని చోటులను ముందుగా తీసివేసిన, అడుగవలసిన చోటు తానే మిగులును.

దిద్దుకొనుటకు వీలున్న పనికి ప్రశ్న యనవసరము. మా బడిలో పిల్లలను చేర్చుకొను రిజిష్టరు నొకటి యుండెడిది. అందులో తప్పు పడిన గీకివేయరాదు, తెల్లరంగు పూయరాదు. ఎఱ్ఱసిరాతో ఒక్క గీత గీసి, సరియైనది పైన వ్రాసి, ప్రధానోపాధ్యాయుడు వ్రాలు చేయవలెను. పాతది క్రింద కనబడుచునే యుండును. ఇట్టి పుస్తకమున వ్రాయువానిని ప్రతి యక్షరమునకు "నిశ్చయమేనా" అని యడుగ నేల? వ్రాయనిమ్ము, తప్పిన దిద్దనిమ్ము. కంప్యూటరులవారు ఈ మర్మమును చిరకాలము క్రిందటనే గ్రహించిరి. 1983లో వచ్చిన ఆపిల్ వారి లీసా యంత్రముననే తెరమీద ఒక చెత్తబుట్ట బొమ్మ యుండెను. పాఱవేసిన కాగితము వెంటనే నశింపక బుట్టలో నుండును, కావలసిన తీసికొనవచ్చును. గూగులువారి ఉత్తరముల పద్ధతిలో పంపిన యుత్తరమును కొన్ని క్షణములు, ముప్పది వఱకు, పట్టియుంచి, పంపినవాడు నాలుక కఱచుకొన్నచో వెనుకకు తీసికొననిత్తురు. మనుష్యుని బుద్ధి తప్పు చేయుటకు ముందు మేలుకొనదు. చేసిన తరువాత మఱుక్షణమున మేలుకొనును. కావున ముందు వేయు ప్రశ్నకంటె వెనుక నిచ్చు గడువు మేలు. మా పిన్ని పేరు కొట్టివేసిన పద్దు ఏడు దినములు పచ్చిగా నుండి, ఆ కార్డునకు ముడిపడిన ఫోనునకు ఒక వార్త పోయియున్నచో, ఈ రభస యుండెడిది కాదు.

యంత్రము తానే కనిపెట్టగల తప్పునకును ప్రశ్న తగదు. ఫిబ్రవరి 30వ తేదీన పుట్టితినని వ్రాసినచో "నిశ్చయమేనా" అని యడుగుట పరిహాసము, త్రోసివేయవలెను. వేదాధ్యయన పరులు ఈ విద్యలో మనకు పూర్వులు. సంహితను వల్లించుటతో తృప్తిపడక, పదము, క్రమము, జట, ఘనము అని పాఠములు కల్పించిరి. జటలో మొదటి పదము, రెండవ పదము. మరల రెండవది, మొదటిది. మరల మొదటిది, రెండవది. ఇట్లు ముందు వెనుకలుగ చదువుదురు. ఒక పదము జాఱినను, చోటు మాఱినను, అల్లిక అక్కడనే తెగును. శిష్యుని "నిశ్చయమేనా" అని గురువు అడుగనక్కఱలేదు. మన ఆధారు సంఖ్యలోను ఇట్టి యల్లికయే యున్నది. పండ్రెండు అంకెలలో చివరిది ఊరక వచ్చినది కాదు. ముందున్న పదునొకండింటినుండి లెక్క కట్టి తీసినది. 1969లో హాలండు దేశపు గణితజ్ఞుడు వెర్హోఫ్ కనిపెట్టిన పద్ధతి యది. ఒక అంకె తప్పుగ గొట్టినను, ప్రక్కప్రక్క నున్న రెండంకెలు తారుమారైనను లెక్క కుదరదు. యంత్రము వెంటనే పట్టుకొనును.

ఐతే ఈ అల్లికకు ఒక పరిమితి యున్నది. అది సంఖ్య సరియైనదా కాదా యని చెప్పునే గాని, ఆ సంఖ్య ఎవరిదో చెప్పదు. భార్య సంఖ్యయు సరియైనదే, భర్త సంఖ్యయు సరియైనదే. ఇక్కడ గాని మనుష్యుని కంటితో పని పడదు.

కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి, జరుగవచ్చును గాని అరుదుగా జరుగు సంగతి: నూటనాలుగేండ్ల వయస్సు, చిన్న రైతునకు నూఱెకరముల భూమి. నూటనాలుగేండ్లవారు లేకపోలేదు, కాబట్టి త్రోయరాదు. తఱచుగ లేరు, కాబట్టి అడుగవలెను. రెండవది, చేసిన మరల రాని పని: పరుల ఖాతాకు ధనము పంపుట, మనిషి పేరు కొట్టివేయుట, భూమి యొకరినుండి మఱియొకరికి మార్చుట. ఇట్టిచోట తప్పక యడుగవలెను. దినమున కొకటి రెండుసారులు మాత్రమే వచ్చు ప్రశ్న యైనచో, పిల్లవాని వ్రేలు దానంతట నదియే ఆగును.

ఎట్లడుగవలెనన్నది అంతకంటె ముఖ్యము. మా బాల్యమున మా గ్రామ కరణముగారు దస్తావేజు వ్రాసిన తరువాత, కండ్లజోడు సవరించుకొని మొదటినుండి చివరవఱకు బిగ్గరగా చదివెడివారు. "రూపాయలు 1,116లు, అక్షరాల వేయిన్నూట పదహారు" అని అంకెలలో నొకసారి, మాటలలో నొకసారి. హద్దులు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము. విన్న తరువాతనే అమ్మినవాడు వ్రాలు చేయును. కరణీకములు 1984లో పోయినవి. వానిలోని చెడుగు నేను సమర్థింపను. కాని ఆ చదువుట యూరక చేసిన తంతు కాదు. ఒకే సంగతిని వేఱొక రూపమున చెప్పినప్పుడు, అలవాటు తెగి బుద్ధి మేల్కొనును. 1881 నాటి చెక్కుల చట్టము పదునెనిమిదవ విభాగమున అంకెలకును అక్షరములకును భేద మున్నచో అక్షరములే ప్రమాణమని విధించినది. సున్న యొకటి జాఱుట సులభము; "వేయి" అను మాట "పదివేలు"గా జాఱదు.

ఈ దృష్టితో అమెరికాలో జరిగిన యొక వ్యవహారమును చూడుడు. 2020 ఆగస్టు 11వ తేదీన సిటీ బ్యాంకువారు రెవ్లాన్ అను సంస్థ అప్పునకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ మాత్రము పంపవలసియుండెను. యంత్రములో మూడు గడులు గుఱుతు పెట్టవలసిన చోట ఒక్కటియే పెట్టుటచే, అసలుతో గూడ సుమారు 89 కోట్ల డాలర్లు అప్పిచ్చినవారికి పోయినవి. ముగ్గురు చూచి యొప్పుకొన్న పని యది. అందు ఇద్దఱు మన దేశముననే కూర్చుండి పని చేయువారు. యంత్రము అడిగినది కూడ: ధనము బ్యాంకు వెలుపలికి పోవుచున్నది, సాగింతురా? అని. ఎంత ధనమో చెప్పలేదు! వడ్డీ వెలుపలికి పోవలసినదే కదా, వారు సాగించిరి. సుమారు 50 కోట్ల డాలర్లు తిరిగి రాలేదు. 2021లో న్యాయస్థానము బ్యాంకునకు ప్రతికూలముగను, 2022లో పై న్యాయస్థానము అనుకూలముగను చెప్పినవి. ముగ్గురి కన్నులున్నను, ప్రశ్నలో అంకె లేకపోయినచో చూచుట కేమున్నది?

అట్లు గాక, "89 కోట్ల డాలర్లు పంపుచున్నారు" అని యుండిన? అట్లే మా పిన్ని విషయమున, "నిశ్చయమేనా" అను దానికి మాఱుగా, "స్త్రీ, వయస్సు 71, మరణించినట్లు వ్రాయుచున్నారు" అని పేరుతో, ఫొటోతో తెర నిండ కనబడియుండిన? మీటమీద కూడ "అవును" అని గాక "ఈమె మరణించినది" అని వ్రాసియుండిన, ఎదుట నిలిచిన మనిషిని చూచుచు ఆ పిల్లవాడు దానిని నొక్కగలిగియుండునా?

ధనము పంపు పద్ధతులలో ఈ తెలివి క్రమముగా వచ్చుచున్నది. 2016లో ఆరంభమైన యూపీఐలో డబ్బు పంపుటకు ముందు పుచ్చుకొనువాని పేరు కనబడును. కాని బ్యాంకు ఖాతా సంఖ్య వ్రాసి పంపు నెఫ్టు, ఆర్‌టీజీఎస్ పద్ధతులలో చిరకాలము సంఖ్యయే ప్రమాణము, పేరు పొసగకున్నను ధనము పోవును. పంపువాడు ముందుగా పేరు చూచుకొను వసతిని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పింపవలసినదని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ఆదేశించినది. పెద్దలు ఆ పేరు చదువక రహస్య సంఖ్య నొక్కకుడు. కండ్లజోడు ఇంటివద్ద మఱచితిమనుకొన్నచో, పని రేపటికి వాయిదా వేయుడు. సిగ్గు పడవలసినది లేదు.

ఇంకొక్క సంగతి మిగిలినది. ఎవరిని అడుగవలెను? 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, దస్తావేజును వ్రాసియిచ్చినది తానేనని ఒప్పుకొనవలసినవాడు దాని కర్త, లేదా అతని తరఫున హక్కుగలవాడు; అధికారి అతనిని విచారించి, అతడు ఫలానావాడే యని తృప్తి పడవలెను. లేఖరిని గాదు. లేఖరికి ఆ భూమితో నేమి సంబంధము? తప్పు పడిన పోవునది ఎవరి సొత్తో వానికే చెవులు నిక్కపొడుచుకొని యుండును. కాని మన కేంద్రములలో యంత్రము అడుగునది గుమాస్తాను. అర్జీదారు బల్లకు ఈవలి వైపున, తెర వీపును చూచుచు నిలిచియుండును. ఆధారు నమోదు చేయుచోట మాత్రము అర్జీదారు వైపునకు వేఱొక తెర యుంచవలెనను నియమము కలదు. తక్కిన చోటులలో అది రాలేదు. చదువు రానివారు తెరను చూచి యేమి చేయుదురని ఒక అధికారి నాతో ననిరి. చదివి వినిపించిన విందురు గదా యంటిని. ఆయన నవ్వి యూరకుండిరి.

మా పిన్నిని మరల బ్రదికించుటకు నాలుగు నెలలు పట్టినది. గ్రామాధికారి పత్రము, ఇద్దఱి సాక్ష్యము, పట్టణమునకు మూడు ప్రయాణములు. ఆ నాలుగు నెలల బియ్యము మాత్రము రాలేదు. ఆ పిల్లవాడు తన జీతములోనుండి ఒక బస్తా కొని తెచ్చి, ఆమె గుమ్మములో దింపి, మాటాడక పోయెను.

మొన్న నేను కేంద్రమునకు పోగా, వాడు తెరను అడ్డముగా త్రిప్పి, తనకును ఎదుటివారికిని కనబడునట్లు బల్ల చివర నుంచినాడు. ఆఖరి మీట నొక్కుటకు ముందు, "అమ్మా, మీ పేరు, మీ ఆయన పేరు, తీసేది ఎవరి పేరో మీ నోటితో చెప్పండి" అని యడుగుచున్నాడు. వరుసలో వెనుక నిలిచినవారు ఆలస్యమగుచున్నదని గొణుగుచునే యున్నారు.